పాత క్యాంపర్ వ్యాన్‌కి ఇంజన్ మార్చాలా, వద్దా? తేల్చుకోవడం ఎలా

అరకు వెళ్ళేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో మా పాత టెంపో ట్రావెలర్ రెండోసారి ఆగిపోయింది. పక్క ఊరి నుంచి వచ్చిన మెకానిక్ ఆయిల్ మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టి చూసి, "ఇంజన్ అయిపోయిందండీ, మార్చెయ్యడమే" అన్నాడు. చీకటి పడుతోంది, వెనక బెర్తు మీద పిల్లలు ఏడుపు మొహాలతో కూర్చున్నారు. అలాంటప్పుడు ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. సరేనని తల ఊపి, బండిని టోయింగ్ చేయించి విశాఖపట్నం తెచ్చుకున్నాను. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, పాడైంది రేడియేటర్ అని.

మూడేళ్ళు గడిచాక అదే ఇంజన్‌కి నిజంగానే పని పడింది. ఈసారి ఎవరో చెప్తే కాకుండా, కొలిచి చూసుకుని దించాం. ఒకసారి తప్పుడు తీర్పు విని, ఇంకోసారి సరైన తీర్పు నేనే చెప్పుకున్నాక ఇది రాస్తున్నాను. నా ఉదాహరణలన్నీ మన రోడ్ల మీద ఎక్కువగా క్యాంపర్‌గా (లోపలే పడుకుని, వండుకునే బండిగా) మారే పాత డీజిల్ ట్రావెలర్ చుట్టూ తిరుగుతాయి. వేరే బండి ఉన్నా వరస ఇదే.

ఒక్క నియమం ముందే చెప్తాను. బండి ఆగిన రోజు నిర్ణయం తీసుకోవద్దు. ఎంత టెన్షన్‌గా ఉన్నా, అడ్వాన్సు ఇవ్వకుండా బండిని మీ ఊరికి లేదా మీకు నమ్మకమున్న షెడ్డుకి చేర్చండి. టోయింగ్ ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది. తొందరపడి దించిన ఇంజన్‌తో పోలిస్తే అది చిన్న ఖర్చు.

మొదట ఇంజన్ సంగతి వదిలేసి బండి ఒళ్ళు చూడండి

చాలామంది ఇంజన్ మీద లక్ష పైన పెట్టాక, మరుసటి ఏడాది చాసిస్ కింద తుప్పు చూసి తల పట్టుకుంటారు. వరస తిరగెయ్యండి. బాడీకి ఇంకా ఎన్నేళ్ళ ఆయుష్షు ఉందో ముందు తెలిస్తే, ఇంజన్ మీద ఎంత పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

బండిని ర్యాంప్ ఎక్కించండి. ఒక పాత స్క్రూడ్రైవర్, ఒక చిన్న అయస్కాంతం, టార్చిలైటు చాలు. చాసిస్ పొడుగు దూలాల్ని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము కంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము డబ్బా మూత మీద తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. కమాన్ పట్టీలు చాసిస్‌కి తగిలే బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట, మెట్టు కింద, ముందు అద్దం ఫ్రేము కింది మూలల్లో తప్పకుండా చూడండి. రంగు బాగా మెరుస్తున్న చోట అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే లోపల ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

క్యాంపర్‌లో అదనంగా చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. సింకు కింద, నీళ్ళ ట్యాంకు కింద, రూఫ్ మీద వెంటిలేటర్ కోసం కోసిన రంధ్రం చుట్టూ. ఇవన్నీ ప్లైవుడ్ వెనక దాక్కుంటాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడవు. మా బండిలో సింకు కింద ప్లై విప్పితే, అడుగున ఇనుప రేకు చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. చిన్న ముక్కే కాబట్టి కోసి కొత్త రేకు అతికించారు. అదే చాసిస్ దూలం అయి ఉంటే, ఇంజన్ గురించి మాట్లాడకుండా అక్కడే ఆగిపోయేవాళ్ళం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో తిరిగిన బండి అయితే ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

చాసిస్‌ని తుప్పు తిని ఉంటే నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: ఇంజన్ మార్చకండి. బెర్తులు, సోలార్ పలకలు, బ్యాటరీలు, స్టవ్, ట్యాంకులు తీసి దాచుకోండి. తక్కువ వయసున్న ఇంకో వ్యాన్‌లోకి అవి ఎక్కుతాయి. క్యాంపర్‌లో మీ కష్టం ఎక్కువగా ఉన్నది వాటిలోనే.

తర్వాత కాటా దగ్గరికి తీసుకెళ్ళండి

ఈ సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే బాగుండేది. ప్రయాణానికి ఎలా సర్దుతారో అలా సర్ది, నీళ్ళ ట్యాంకు నింపి, డీజిల్ కొట్టించి, ఇంటిల్లిపాదీ ఎక్కి, లారీలు తూచే కాటా మీద నిలబెట్టండి. వచ్చిన బరువుని ఆర్సీలో రాసి ఉన్న మొత్తం బరువు పరిమితితో పోల్చండి.

క్యాంపర్లు తెలియకుండానే బరువెక్కిపోతాయి. 150 లీటర్ల నీళ్ళంటే 150 కేజీలు. పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి దాదాపు 35 కేజీలు, అలాంటివి ఎనిమిది వాడితే 280 కేజీలు. ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెడితే ఇంకో వంద కేజీల పైన. రూఫ్ మీద ఏసీ, క్యారియర్, గ్యాస్ సిలిండర్ సరేసరి. ఇంత బరువుతో లంబసింగి వైపో శ్రీశైలం ఘాట్‌లోనో ఫస్ట్ గేర్‌లో గంటసేపు లాగించి, పికప్ లేదు, వేడెక్కుతోంది అని ఇంజన్‌ని తప్పుపడతాం. బరువు పరిమితి దాటి ఉంటే కొత్త ఇంజన్ పెట్టినా అదే గతి. ముందు బరువు దించి, అదే ఘాట్ ఇంకోసారి ఎక్కించి చూడండి.

ఇంజన్ కాకుండా ఇంజన్‌లా నటించే లోపాలు

"ఇంజన్ అయిపోయింది" అనే మాట వెనక అరడజను చిన్న లోపాలు దాక్కోవచ్చు. పెద్ద పరీక్షల కంటే ముందు వీటిని ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రండి.

బండి లాగడం లేదా? ఇంజన్ రైజ్ అవుతూ, శబ్దం పెరుగుతూ, స్పీడు మాత్రం పెరక్కపోతే అది క్లచ్ ప్లేటు. పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి తగలకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రమే సెగలు కక్కుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళు చేరినా, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి పీలుస్తున్నా, సైలెన్సర్ లోపల మసి పేరుకుపోయినా కూడా బండి ముసలిదైపోయినట్టే అనిపిస్తుంది.

వేడెక్కుతోందా? ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పాత డీజిల్ ఇంజన్లను చంపేది ఎక్కువగా ఇదే. రోడ్డు పక్కన ఎక్కడ నీళ్ళు దొరికితే అవి పోస్తాం. అందులో ఎక్కువ బోరు నీళ్ళే. బిందె అడుగున, గీజర్ కాయిల్ మీద పట్టే తెల్లటి సున్నం రేడియేటర్ గొట్టాల్లో కూడా పడుతుంది. విశాఖలో రేడియేటర్ పని చేసే పెద్దాయన మా దాని పై ట్యాంకు విప్పి, నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. సన్నటి గొట్టాల వరసల్లో దాదాపు సగం తెల్లగా, పళ్ళ మీద గార పట్టినట్టు మూసుకుపోయి ఉన్నాయి. ఆయన సన్నటి ఇనుప పట్టీ ఒకటి ఒక గొట్టంలోకి దూర్చితే వేలెడు లోతు కూడా దిగలేదు. ఘాట్‌లో "అయిపోయిన" మా ఇంజన్ కథ అది. రేడియేటర్ కోర్ (ఆ గొట్టాల వరస మొత్తం) మార్పించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోస్తే అదే ఇంజన్ మూడేళ్ళు తిరిగింది.

వేడెక్కితే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే తలుపు లాంటిది) పీకి అవతల పారెయ్యడం మన షెడ్లలో అలవాటు. దయచేసి ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, చల్లగా నడిచే ఇంజన్ త్వరగా అరుగుతుంది. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో అయితే, వాల్వ్ లేకపోతే నీళ్ళు కొన్ని రేడియేటర్‌కి వెళ్ళకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

ఎక్కువ రోజులు నిలబడి ఉన్న బండి విషయం వేరు. క్యాంపర్ ఏడాదిలో తొమ్మిది నెలలు ఇంటి ముందే ఉంటుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గాడుల్లో అతుక్కుంటాయి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు జిగురెక్కుతాయి. ఆరు నెలల తర్వాత స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తుంది. వెంటనే భయపడకండి. ఆయిల్, ఫిల్టర్లు మార్చి, నాజిళ్ళు టెస్టు చేయించి, మైదానం రోడ్డు మీద ఓ 500 కిలోమీటర్లు నింపాదిగా నడపండి. అప్పుడు కొలిస్తేనే ఆ కొలతకి విలువ.

ఇప్పుడు కొలవండి

పొగ రంగు మొదటి ఆధారం. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువో గాలి తక్కువో, సాధారణంగా ఫిల్టర్, నాజిళ్ళు, పంపు దగ్గర తేలిపోతుంది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ పొద్దున్నే వచ్చి, కళ్ళు మండిస్తూ, ఇంజన్ వేడెక్కాక పోతే హీటర్ ప్లగ్గులు పోవడమో, డీజిల్ చిమ్మే టైమింగ్ తప్పడమో, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గడమో. వేడెక్కాక కూడా ఆవిరిలా వస్తూ, కూలెంట్ తీపి వాసన కొడితే లోపలికి నీళ్ళు వెళ్తున్నాయి.

రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకోండి. ఫ్యాను దగ్గర చెయ్యి, పంచె, చున్నీ జాగ్రత్త. నీళ్ళు ఇంకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లో పైపు గట్టిపడిందంటే సిలిండర్ గాలి నీళ్ళలోకి వస్తున్నట్టే. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. ఈ రెండూ హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) వైపు, లేదా పగిలిన హెడ్ వైపు చూపిస్తాయి. హెడ్ విప్పి సరిచేస్తే పోయే జబ్బులు ఇవి. వీటి కోసం ఇంజన్ మొత్తం మార్చక్కర్లేదు.

ఆయిల్ మూత దగ్గర అరచెయ్యి పెట్టే పరీక్ష తప్పేమీ కాదు, కానీ అదొక్కటే సరిపోదు. ఇంజన్ బాగా వేడెక్కాక, స్లో మీద (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి, మూతని తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. కాస్త గడగడలాడితే పాత డీజిల్‌కి మామూలే. మూత ఎగిరి పడుతూ, పొగ ఆవిరి ఇంజన్‌లా పొంగి వస్తే, మనవాళ్ళు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి.

ఇక కంప్రెషన్ టెస్ట్. ఇది చేయించకుండా ఇంజన్ దించడానికి ఒప్పుకోవద్దు. పాత ట్రావెలర్లలో, ట్రాక్స్‌లలో వచ్చిన ఓఎం616 ఇంజన్ మెర్సిడెస్ వంశం, నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ల డీజిల్. ఇది కొత్తగా ఉన్నప్పుడు సిలిండర్‌కి 22 నుంచి 24 బార్ (ఒత్తిడిని కొలిచే లెక్క) చూపిస్తుంది. 15 బార్ దగ్గరికి దిగిందంటే అరుగుదల హద్దుకి చేరినట్టు. సిలిండర్లకీ సిలిండర్లకీ మధ్య తేడా 3 బార్ దాటకూడదు. నాలుగూ సమానంగా తగ్గితే అది వయసు, ఒక్కటే బాగా తగ్గితే అది జబ్బు. ఈ తేడా చాలా ముఖ్యం. ఒక్క సిలిండరే పడిపోతే వాల్వో గాస్కెట్టో కావచ్చు, మొత్తం ఇంజన్‌ని బలి చెయ్యకండి. వేరే ఇంజన్ అయితే దాని మాన్యువల్ అంకెలు తెప్పించుకోండి.

తగ్గిన సిలిండర్‌లో గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి, పిస్టన్‌ని పైకి తెచ్చి, హీటర్ ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టించండి. సైలెన్సర్‌లో బుస వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వినపడితే ఇన్‌లెట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్, ఆయిల్ మూత దగ్గర వినపడితే రింగులు. చెవి పెట్టి వినడమే పరీక్ష. పెట్రోలు బళ్ళలోలాగా సిలిండర్‌లో ఆయిల్ పోసి కంప్రెషన్ చూడబోతే డీజిల్‌లో ప్రమాదం. పిస్టన్ పైన చోటు చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే కన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) వంగిపోతుంది.

చివరిగా ఆయిల్ ప్రెషర్, డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకుండా విడి గేజ్ బిగించి చూడండి. ఓఎం616కి బాగా వేడి మీద, స్లోలో కనీసం 0.3 బార్, రైజ్ చేస్తే 3 బార్ ఉండాలి. కంప్రెషన్ బాగుండి ఇది తగ్గితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులా, ఆయిల్ పంపా అన్నది చూసుకోవాలి. అడుగు నుంచి బరువైన కొట్టుడు శబ్దం కూడా వస్తుంటే, ఇక బండి నడపకండి. ఆ శబ్దంతో ఇంకో వంద కిలోమీటర్లు తిప్పితే, సాన పట్టిస్తే సరిపోయే క్రాంక్ విరిగిపోతుంది.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, రెండో మెకానిక్‌కి చూపించండి. మొదటివాళ్ళు ఏమన్నారో చెప్పకండి.

చేతిలో ఉన్న దారులు

హెడ్ వరకే జబ్బు ఉంటే హెడ్ పని. రింగులు, బేరింగులు అరిగి బోరు ఇంకా హద్దులోనే ఉంటే హాఫ్ ఇంజన్ పని, అంటే అరిగినవి మాత్రమే మార్చడం. బోరు కూడా అరిగితే ఫుల్ ఇంజన్: లేత్ షాపులో బోరింగు లేదా కొత్త స్లీవులు, కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగు, తగ్గిన సైజుకి తగ్గ బేరింగులు. బోరు హద్దులో ఉందా లేదా అన్నది గోరు పెట్టి చూసి చెప్పేది కాదు. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిచి, అంకెలు మీకు చీటీ మీద ఇవ్వమనండి. మా లేత్ షాపులో క్రాంక్ మీద కన్‌రాడ్లు బిగించే నాలుగు జర్నళ్ళ (గుండ్రటి మెడల) కొలతలు సుద్దతో దాని మీదే రాసి చూపించారు. ఒకటి మాత్రం మిగతావాటి కంటే ఎక్కువ అరిగి ఉంది. దాన్ని బట్టే మిగతా మూడూ ఒకే సైజుకి దించారు.

బ్లాక్ పగిలినా, కన్‌రాడ్ బ్లాక్ చీల్చుకుని బయటికొచ్చినా, క్రాంక్ ఇక సాన పట్టడానికి వీల్లేనంత అరిగినా, అప్పుడు మాత్రమే వేరే ఇంజన్ ఆలోచించండి. అది కూడా అదే మోడల్ ఇంజన్. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్‌లో పాత బళ్ళు విప్పే చోట్ల దొరుకుతాయి. నేల మీద పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తారు. శబ్దం విని మురిసిపోకుండా, పైన చెప్పిన కంప్రెషన్ టెస్ట్ దానికీ చేయించండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఎక్కువ పవర్ కోసం కామన్ రైల్ (కంప్యూటర్ లెక్కతో డీజిల్ చిమ్మే కొత్త రకం) ఇంజన్ దించి పెట్టాలనే ఆశ చాలామందికి ఉంటుంది. నేను వద్దంటాను. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), వైరింగు, సెన్సర్లు, డీజిల్ లైన్లు, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ వెంట రావాలి. మారేడుమిల్లి అడవిలో ఒక సెన్సర్ పోతే చూసే మనిషి దొరకడు. అదే పాత మెకానికల్ పంపు డీజిల్ అయితే ఏ మండల కేంద్రంలోనైనా విప్పగలిగేవాళ్ళు ఉంటారు.

కాగితాలు: నేను రీకండిషనింగ్ వైపు మొగ్గడానికి అసలు కారణం

ఆర్సీలో ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రెండూ ఉంటాయి. ఉన్న ఇంజన్‌నే బాగు చేయిస్తే నంబరు మారదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంజన్ మార్చారంటే ఆ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు.

అందుకని అదే మోడల్ ఇంజన్ అయినా సరే, కొనకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి ఏయే కాగితాలు కావాలో రాయించుకోండి. అమ్మేవాళ్ళ దగ్గర బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ నకలు, ఫైనాన్స్ తీరిపోయినట్టు ఆధారం తీసుకోండి. ఇంజన్ మీద నంబరుని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ ప్రింటుని బిల్లుతో సరిపోల్చండి. నంబరు గీకినట్టున్నా, మళ్ళీ కొట్టినట్టున్నా ఎంత చవగ్గా ఇచ్చినా తాకకండి. అది దొంగ బండిది అయితే మీ బండి స్టేషన్‌లో ఉంటుంది. మార్పు ఆర్సీలో ఎక్కాక ఇన్సూరెన్స్‌లో కూడా ఎక్కించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఇంజన్ కొత్తదైతే బండి వయసు తగ్గుతుందని అనుకునేవాళ్ళు ఉన్నారు. తగ్గదు. సొంత బండికి 15 ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 15 ఏళ్ళకి తప్పనిసరిగా తుక్కు చెయ్యాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాహనాలకి వచ్చింది, అందరికీ కాదు. లడఖ్ కలలు ఉన్నవాళ్ళు మాత్రం ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. దారిలో వచ్చే ఢిల్లీ, దాని చుట్టుపక్కల పాత డీజిల్ బళ్ళ మీద 2015 నుంచి ఆంక్షలు నడుస్తున్నాయి. అక్కడ చూసేది బండి వయసు, దాని కాలుష్య ప్రమాణం. ఇంజన్ ఎంత కొత్తదో చూడరు. ఆ నిబంధనలు మధ్యమధ్య మారుతున్నాయి కాబట్టి బయల్దేరేముందు చూసుకోండి.

ఈ సందర్భంలోనే ఆర్సీలో బండి తరగతి ఏమని ఉందో కూడా చదవండి. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్‌కి చట్టంలో విడిగా తరగతి ఉంది. మీ ఆర్సీలో ఇంకా పాత టూరిస్టు బండి అనే ఉంటే, ఇంజన్ మీద డబ్బు పెట్టేలోపే అది తేల్చుకోండి.

లెక్క ఎలా వెయ్యాలి

కొత్త ఇంజన్ ఎన్ని లక్షల కిలోమీటర్లు నడుస్తుంది అన్నది మనకి అక్కర్లేని ప్రశ్న. మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూడండి. ఓ 6,000 అనుకుందాం. బాగు చేసిన ఇంజన్ లక్షన్నర నడిస్తే మీకు 25 ఏళ్ళు వస్తుంది. బాడీ ఆయుష్షు ఎనిమిదేళ్ళే అని ర్యాంప్ మీద తేలింది అనుకోండి. మీకు కావల్సింది 48,000 కిలోమీటర్లే. అప్పుడు ఫుల్ ఇంజన్‌కి లక్షా ఇరవై వేలు, హాఫ్ ఇంజన్‌కి యాభై వేలు అంచనా ఇస్తే, బోరు హద్దులో ఉన్నంతవరకూ హాఫ్ ఇంజన్ తెలివైన పని. ఈ అంకెలు ఉదాహరణకే, మీ షెడ్డు అంచనాలు పెట్టుకుని ఏడాదికి ఎంత పడుతోందో చూడండి.

అంచనాలో లేని ఖర్చులు కూడా కలపండి. ఇంజన్ ఎలాగూ దిగింది కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఇంజన్ మౌంటింగులు, క్రాంక్ వెనక సీలు, వాటర్ పంపు, పైపులు, బెల్టులు ఆ చేత్తోనే చూడాలి. నాజిళ్ళు, డీజిల్ పంపు క్యాలిబ్రేషన్ వేరే. మా బిల్లులో ఈ చిన్న సామాన్లే మొత్తంలో మూడో వంతుకి దగ్గరగా తేలాయి.

ఆ తర్వాత బండి మీద ప్రేమకి ఒక గడి పెట్టండి. మా నాన్నగారు చివరిసారి పాపికొండల దగ్గర గోదావరిని చూసింది ఈ బండి కిటికీలోంచే. దానికి విలువ లేదని నేను అనుకోను. కానీ ఆ విలువకి నేను అదనంగా ఎంత పెట్టగలనో షెడ్డుకి వెళ్ళకముందే మా ఆవిడా నేనూ కూర్చుని ఒక అంకె రాసుకున్నాం. లేకపోతే ప్రతి కొత్త ఖర్చుకీ అదే జ్ఞాపకం చెప్పుకుని ఒప్పేసుకుంటాం.

మొత్తం ఖర్చు, అదే డబ్బుతో దొరికే తక్కువ వయసు బండికి దగ్గరగా వస్తే ఆగండి. పాతదాన్ని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండిని తుక్కుకి ఇచ్చినట్టు పత్రం) తీసుకుంటే, కొత్త సొంత బండి కొనేటప్పుడు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనల్లో వీలుంది. మీ రాష్ట్రం ఎంత ఇస్తోందో ముందు అడగండి.

షెడ్డులో పెట్టేటప్పుడు

లేబర్ ఎంత, సామాను ఎంత విడివిడిగా రాయించుకోండి. సామాను కొట్టులో మీరే బిల్లు మీద కొనండి. తీసిన పాత పిస్టన్లు, రింగులు, బేరింగులు గోనెసంచిలో వేసి ఉంచమనండి, బిల్లు కట్టేది వాటిని చూశాకే. హెడ్ తీశాక, బోరు కొలిచాక, మళ్ళీ బిగించేముందు, మూడుసార్లు మీరు అక్కడ ఉండాలి. వ్యాన్‌లోంచి గ్యాస్ సిలిండర్ దించేయండి, వ్యాన్ లోపలి ఇన్వర్టర్ బ్యాటరీల వైర్లు విప్పేయండి. బాడీ మీద వెల్డింగు చేస్తారేమో మీకు తెలీదు.

బాగైన ఇంజన్‌తో మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడు, మైదానం రోడ్లు. గంటల తరబడి స్లోలో నిలబెట్టకండి, అలాగే టాప్ గేర్‌లో నెమ్మదిగా గుంజించకండి. స్పీడు మారుస్తూ నడిపితే రింగులు బాగా కూర్చుంటాయి. 500 దగ్గర మొదటి ఆయిల్ దించి, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పట్టి, ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. సన్నటి మెరుపు పొడి కొంచెం ఉండటం మామూలే. గోరుకి తగిలే రేకు ముక్క కనిపిస్తే బండి స్టార్ట్ చెయ్యకుండా, ఆ డబ్బాతో సహా షెడ్డుకి కబురు పెట్టండి.